ఖాళీ గదిలో ఏసీ

మార్చి 30

సర్దడం అయిపోయింది. ఒక పెట్టె, ఒక పరుపు, అన్నం కుక్కర్. నలభై ఆరేళ్లకి మళ్లీ బ్రహ్మచారి సంసారం. కంపెనీ ఉత్తరాన కుషిరో వెళ్లమంది, సరే అన్నాను. వద్దు అన్నవాణ్ణి మా ఆఫీసులో ఇంతవరకు చూడలేదు, కుటుంబాన్ని వెంటబెట్టుకుని వెళ్లినవాణ్ణీ చూడలేదు. అమ్మాయి వకానా స్కూలు మారకూడదు, నా భార్య చిజురు మందుల షాపు ఉద్యోగం పోకూడదు. కాబట్టి వాళ్లు ఇక్కడ కుమగాయలో, నేను దేశం ఆ చివర సముద్రం ఒడ్డున.

ఈ సాయంత్రం తెల్ల డబ్బా పెట్టాం. అరచేతిలో పడుతుంది. ఇంట్లో ఉన్న రిమోట్లన్నీ ఒక్కొక్కటే దాని మొహం ముందు పట్టుకుని నొక్కితే, కంటికి కనిపించని వాటి కాంతిని నేర్చేసుకుంటుంది. ఇక ఫోన్లోంచి టీవీ, హాల్లో లైటు, ఏసీ అన్నీ నా చేతిలోనే. ఎంత దూరంలో ఉన్నా సరే. రిమోట్లు పట్టుకునే పని వకానాది, ఫోన్లో పేర్లు పెట్టే పని నాది. ఏసీ వకానా పుట్టిన ఏడాది కొన్నది. ఆజ్ఞ అందినప్పుడల్లా "పిప్" అంటుంది. అది అన్నప్పుడల్లా వకానా కూడా "పిప్" అంది. పద్నాలుగేళ్లొచ్చాయి, ఇంకా ఈ చేష్టలు.

"ఇది మనల్ని చూస్తుందా నాన్నా?"

"చూడదు. గదిలో వేడెంత, వెలుతురు ఉందా లేదా, ఎవరైనా కదిలారా. అంతే దానికి తెలిసేది."

"మరి ఏసీ నిజంగా ఆగిందో లేదో?"

"అది తెలీదు. రిమోట్లు చెప్తాయి గానీ వినవు. ఆగు అని చెప్పేసి, ఆగిపోయిందనుకుంటుంది."

"అచ్చం నీలాగే," అంది.

వంటింట్లోంచి చిజురు నవ్వు వినిపించింది. నేనూ నవ్వాను.

ఏప్రిల్ 9

కుషిరో. పొగమంచు, సముద్రపు కాకులు, చేపల వాసన. మా పని చేపల గోదాములకి శీతల యంత్రాలు అమర్చడం, వాటి వేడి అంకెలు కనిపెట్టుకుని ఉండడం. అంకె కొంచెం పైకి పోతే టన్నుల చేప పాడవుతుంది. మధ్యాహ్నం గోదాము అంకె చూశాక ఇంటి అంకె చూశాను. కుమగాయ హాల్లో ఇరవై ఒకటి. ఎందుకో ధైర్యం వచ్చింది.

సాయంత్రం వకానా స్కూలు నుంచి వచ్చే వేళకి ఇక్కణ్ణుంచే హాల్లో లైటు వేశాను. వెంటనే మెసేజ్: "నాన్నా, దయ్యమనుకుని గొడుగు పట్టుకున్నా. చెప్పి చెయ్యి."

చెప్పకుండా చేస్తేనే సరదా.

మే 5

సెలవులకి ఇంటికొచ్చాను. చిజురు గుమగుమలాడే కూర చేసింది. భోజనాల దగ్గర మా ఆఫీసు కబుర్లు చెప్పాను. కుషిరోలో నా పక్క బల్ల ఇగరాషి గారి అబ్బాయి స్కూలుకి వెళ్లడం మానేశాడట, గదిలోంచి బయటికి రాడట. ఇగరాషి గారు సాకే సారాలో మూతి ముంచుకుని ఏడ్చారు. నేనేమన్నానో వీళ్లకి చెప్పాను. "అయ్యా, కరెంటు పీకెయ్యండి. చలికాలం హీటరు, ఎండాకాలం ఏసీ ఆపెయ్యండి. వాడంతట వాడే బయటికొస్తాడు." ఇగరాషి గారు కూడా నవ్వారు.

చిజురు నవ్వలేదు. వకానా లేచి గిన్నె కడుక్కుంది.

రేపు తిరుగు ప్రయాణం. సెలవులు అయ్యాక స్కూలు మొదలు కదా అని వకానాతో అంటే "ఊఁ" అంది. ఆ వయసంతే.

మే 21

మే నెలలో చలికి గదిలో స్టవ్ వెలిగించాను. ఇదేం ఊరో.

జూన్ 18

వకానా మెసేజ్‌లు పొట్టిగా వస్తున్నాయి. "తిన్నా." "చదువుతున్నా." "సరే." మగపిల్లాడైతే ఇది కూడా ఉండదని ఇగరాషి గారు ఓదార్చారు. ఫోన్ చేసినప్పుడు చిజురే ఎక్కువ మాట్లాడింది. బియ్యం తొందరగా అయిపోతోందట. పిల్ల ఎదుగుతోంది, మంచిదే.

జూలై 3

కుమగాయలో ఎండలు మొదలైనట్టున్నాయి, టీవీ వాళ్లకి ఏటా ఇదే పండగ. నేనిక్కడ స్వెట్టర్ వేసుకుని వార్తలు చూస్తున్నాను.

మధ్యాహ్నం ఇంటి అంకె చూస్తే ఇరవై ఏడు. బయట ముప్పై అయిదు ఉంటే మూసిన ఇంట్లో ఇరవై ఏడు ఎలా ఉంటుంది? ఏసీ నడుస్తోంది. వెలుతురు చూస్తే చీకటి, అంటే కిటికీ షట్టరు దించి ఉంది. కదలిక లేదు. చిజురు షాపులో, వకానా స్కూల్లో. ఖాళీ గదికి చల్లగాలి పోస్తున్నాం.

నాకు ఇలాంటివి చూస్తే ఒళ్లు మండుతుంది. డబ్బు సంగతి కాదు. ఎవరూ లేని గదిలో లైటు వెలుగుతున్నా, కొళాయి కారుతున్నా ఎవరో నా ఎదురుగా నిలబడి వెక్కిరిస్తున్నట్టుంటుంది. ఆపేశాను. సాయంత్రం చిజురుకి ఫోన్ చేశాను, ఆపిన సంగతి చెప్పకుండా.

"ఏసీ ఆపకుండా వెళ్లావు."

నా పేరు సాగదీసి పలికింది. "ఓ. మర్చిపోయాను నోరీ. రేపటి నుంచి చూసుకుంటాను."

జూలై 4

మళ్లీ మర్చిపోయింది. మళ్లీ ఆపాను.

జూలై 8

ఈరోజు విచిత్రం. ఆపాను. కాసేపటికి చూస్తే అంకె పెరగాల్సింది పోయి తగ్గుతోంది. ఫోన్లో మాత్రం ఏసీ ఆగినట్టే చూపిస్తోంది. అంటే ఆజ్ఞ చేరలేదు. ఏ పుస్తకమో అడ్డం పడి ఉంటుంది. మళ్లీ నొక్కాను. కొంచెం పెరిగి మళ్లీ తగ్గింది. మళ్లీ నొక్కాను. ఇలా గోదాములో నిలబడి ఫోనుతో కుస్తీ పడుతుంటే ఇగరాషి గారు "ఏంటండీ, ఆటా?" అన్నారు.

చివరికి ఆగింది. మొండిఘటం, పద్నాలుగేళ్ల యంత్రం.

జూలై 10

రోజూ కాపలా కాయడం నా వల్ల కాదు. ఇంటి యాప్‌లో ఒక నియమం రాశాను. గదిలో చీకటిగా ఉండి, కదలిక లేకపోతే, ఏసీకి ఆగమని చెప్పు. ఆగకపోతే మళ్లీ చెప్పు. చెబుతూనే ఉండు. దాన్నీ దీన్నీ కలపడానికి మధ్యాహ్నం భోజనం వేళంతా పట్టింది గానీ, పూర్తయ్యాక ఎంత తృప్తి. ఇక నేను చూడనక్కర్లేదు, చిజురుని సాధించనక్కర్లేదు. ఇల్లు తన సంగతి తనే చూసుకుంటుంది.

జూలై 14

మధ్యాహ్నం కదలిక కనిపించింది. ఒక్కసారి. తర్వాత లేదు.

కర్టెన్ ఊగి ఉంటుంది.

షట్టరు దించి, కిటికీ మూసి ఉన్నప్పుడు కర్టెన్ ఎలా ఊగుతుందని ఒక్క క్షణం అనిపించింది. ఏసీ గాలికి ఊగి ఉంటుంది. చిజురుని అడుగుదామనుకున్నాను. అడిగితే మళ్లీ ఏసీ గొడవ అనుకుంటుంది. ఎందుకులే.

జూలై 16

నియమం బాగా పనిచేస్తోంది. ఈరోజు ఒక్కమాటకే ఆగింది. అంకె చక్కగా పెరిగి ముప్పై ఆరు దాకా పోయింది, మళ్లీ దిగలేదు. యంత్రం దారికొచ్చింది.

జూలై 17

చిజురు ఫోన్. అంబులెన్స్ లోంచి. వకానా ఇంట్లో ఉంది. మే నుంచీ ఇంట్లోనే ఉంది.

విమానం రేపు పొద్దున గానీ లేదు.

మధ్యాహ్నం ముప్పై ఏడు అని చూశాను. చూసి, అన్నం తిన్నాను.

జూలై 18

బతికింది. ముందు అది రాయాలి. బతికింది, మాట్లాడుతోంది, సెలైన్ ఎక్కుతోంది. వడదెబ్బ. ఇంకాస్త ఆలస్యమైతే అని డాక్టరమ్మ మొదలుపెట్టి ఆపేసింది.

చిజురు షాపు నుంచి వచ్చేసరికి వకానా సోఫాలో పడి ఉందట. పిలిస్తే ఏదో గొణిగిందట. ఒళ్లు పెనంలా కాలిపోతోందట. ఆసుపత్రి వరండాలో నిలబడి చిజురు ఇవన్నీ చెబుతుంటే నేను నేల వైపు చూస్తున్నాను.

"నీకు చెప్పలేదని కోపమా?" అని అడిగింది.

"కాదు."

"స్కూల్లో ఏం జరిగిందో ఇప్పటికీ చెప్పదు. పొద్దున్నే కడుపునొప్పి అనేది, యూనిఫాం వేసుకుని గుమ్మం దగ్గర కూర్చునిపోయేది. నీకు చెబుదామనే అనుకున్నా. ఆ సెలవుల్లో నువ్వు ఆ ఇగరాషి గారి అబ్బాయి గురించి అన్నావు చూడు. దాంతో అది, నాన్నకి చెప్పొద్దమ్మా అని నా చెయ్యి పట్టుకుంది. మాటిచ్చాను."

"మరి ఏసీ మర్చిపోయానని..."

"ఇంకేం చెప్పను? నువ్వు అడిగినప్పుడల్లా నా మీదే వేసుకున్నా. దానికి మాత్రం ఏమీ అనలేదు, పాపం చల్లగా ఉండనీలే అని." అప్పుడు కళ్లు తుడుచుకుంది. "నిన్ననే పాడైపోవాలా ఆ దిక్కుమాలిన ఏసీ. పోయినేడే మార్చేద్దామన్నావు. నేనే వద్దన్నాను. నాదే తప్పు నోరీ."

నేను ఆమె వీపు మీద చెయ్యి వేశాను. నీ తప్పు కాదు అన్నాను. అంతవరకే అన్నాను.

జూలై 19

చిజురు ఏసీ మెకానిక్‌ని పిలిచింది. నేను ఇంట్లో ఉండగానే పిలిచింది. వద్దనడానికి నా దగ్గర కారణం లేదు. ఉంది, చెప్పలేదు.

అతను రిమోట్ నొక్కాడు. పిప్. చల్లగాలి వచ్చింది. మూత విప్పి చూసి మూసేశాడు. "యంత్రం బ్రహ్మాండంగా ఉందమ్మా. ఎవరో ఆపి ఉంటారు, అంతే." తెల్ల డబ్బా షెల్ఫ్ మీద, మేం మార్చిలో పెట్టినచోటే ఉంది. దాని ముందు ఏ పుస్తకమూ అడ్డం లేదు. ఎప్పుడూ లేదు.

అతను వెళ్లాక చిజురు సోఫా వైపు చూస్తూ నిలబడిపోయింది. ఆ డబ్బా మీదికి ఆమె చూపు పోలేదు, నా వైపు తిరిగింది. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఇంట్లో అదొక్కతే ఉంది. షట్టరు దించుకుని, ఏసీ ఆపుకుని పడుకుందా? ఆ ఎండలో? కావాలనా?"

నా గొంతులో మాట ఉంది. నిజంగా ఉంది. నేను ఆపాను, నియమం రాశాను, పదే పదే చెప్పమని రాశాను. నాలుగు ముక్కలు. దానికి బదులు నేనన్నది: "అలా ఆలోచించకు."

అలా ఆలోచించకు అన్నానంటే, అలా ఆలోచించడానికి వదిలేశానన్నమాట.

జూలై 20

యాప్‌లో పాత ఆజ్ఞల వరుస ఉంటుంది. ఎప్పుడు ఏది నొక్కామో. స్నానాలగదిలో నిలబడి అదంతా తుడిచేశాను. నియమం కూడా తీసేశాను. చిజురు ఫోన్లో ఆ యాప్ లేదు, ఎలాగూ ఎవరూ చూడరు. అయినా తుడిచేశాను. చేతులు కడుక్కుని బయటికొచ్చాను, అవి మురికయినట్టు.

ఇంతకుముందు రాసిన పేజీలు చదివాను. ఎనిమిదో తారీఖున యంత్రం మొండిఘటం అని రాసుకున్నాను. అవతల రిమోట్ పట్టుకుని మళ్లీ మళ్లీ వేసుకుంటున్నది నా కూతురు. పద్నాలుగో తారీఖున కర్టెన్ అని రాసుకున్నాను. కర్టెన్ అని నేను నమ్మలేదు. నమ్మినవాడు ఎలా ఊగిందని ఆలోచించడు. ఇంట్లో ఎవరో ఉన్నారని నా మనసుకి తట్టింది. అడిగితే ఏదో వినాల్సి వస్తుందని అడగలేదు.

దీన్ని కూడా చింపేద్దామనుకున్నాను. చింపలేదు.

జూలై 21

ఇంటికి పంపేముందు డాక్టరమ్మ వకానాతో మాట్లాడింది. మమ్మల్నీ కూర్చోమంది. మెత్తగా అడిగింది, ఆరోజు ఏసీ ఎవరు ఆపారని.

వకానా చిజురు వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. నా వైపే ఎక్కువసేపు చూసింది.

"నేనే," అంది.

డాక్టరమ్మ ఏదో రాసుకుంది. పిల్లల మనసు చూసే డాక్టరు దగ్గరికి ఒకసారి తీసుకెళ్లమంది. చిజురు నా చేతిని ఎముకలు విరిగేలా పట్టుకుంది. నేను ఆ చేతిని పట్టుకోనిచ్చాను.

నా ప్రాణం అప్పుడు ఎందుకు పోలేదో నాకు తెలియదు.

జూలై 22

చిజురు కూరగాయలకి వెళ్లింది. వకానా సోఫాలో, నేను కింద చాప మీద. ఏసీ నడుస్తోంది. బార్లీ టీ పోసి ఇచ్చాను. తాగలేదు.

"డాక్టరమ్మకి అబద్ధం ఎందుకు చెప్పావు?"

"ఏ అబద్ధం?"

"ఏసీ నువ్వే ఆపుకున్నావని."

గ్లాసుకి పట్టిన చెమట వేలితో గీసింది. "మరి నువ్వు ఆపావని చెప్పనా? అమ్మ పక్కనే ఉంది కదా."

తెలుసా నీకు అని అడిగాననుకుంటాను.

"పిప్ మంటుంది కదా నాన్నా. నేనిక్కడ పడుకుని ఉంటా, రిమోట్ అక్కడ బల్ల మీద ఉంటుంది, అది పిప్ మని ఆగిపోతుంది. ఇంకెవరు?"

ఆ శబ్దం నేను మర్చిపోయాను. మార్చిలో ఇద్దరం కూర్చుని నేర్పించాం. నొక్కేవాడికి వినపడదు, గదిలో ఉన్నవాళ్లకి వినపడుతుంది. కుషిరోలో కూర్చుని నేను నొక్కిన ప్రతిసారీ, నియమం నొక్కిన ప్రతిసారీ, ఈ గదిలో పిప్.

"మొదట్లో మళ్లీ వేసుకునేదాన్ని," అంది వకానా. "పిప్ మని ఆగేది. వేసేదాన్ని. మళ్లీ పిప్. అంత పట్టుదలగా ఆపుతుంటే ఇంక వెయ్యబుద్ధి కాలేదు."

"ఆ డబ్బా ప్లగ్ పీకెయ్యొచ్చు కదా."

"పీకితే నీకు తెలిసిపోతుంది. ఇంకా కోపమొస్తుంది."

"నాకెందుకు కోపం?"

"నువ్వే అన్నావుగా. కరెంటు పీకెయ్యండి, వాడంతట వాడే బయటికొస్తాడని." గొంతులో నిష్ఠూరం కూడా లేదు, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "బయటికి వెళ్దామనే చూశా. బూట్లు వేసుకుని గుమ్మం దాకా వెళ్లా. కాళ్లు రాలేదు. వచ్చి పడుకున్నా. సరే, నాన్న చెప్పింది చెయ్యలేకపోయినా, నాన్న వేసిన శిక్షైనా పడదాం అనుకున్నా."

నేను చాప మీద తల ఆనించాను. మా తాతల కాలంలో క్షమాపణ అడిగేవాళ్లలా. నా నోటివెంట వచ్చింది మాత్రం ఇంకా దిక్కుమాలినది.

"నాకు తెలీదు వకానా. నువ్వు ఇంట్లో ఉన్నావని నాకు తెలీదు. గది ఖాళీ అనుకున్నా."

"ఏంటీ?"

"ఎవరూ లేని గదిలో ఏసీ నడుస్తోందని ఆపాను. తర్వాత దానంతట అదే ఆగేలా పెట్టాను. చివరి రోజుల్లో నేను నొక్కను కూడా లేదు."

"అంటే... కరెంటు దండగని?"

"అవును."

నవ్వుతుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. ఏడ్చింది. ఆసుపత్రిలో సూది గుచ్చినప్పుడు కూడా ఏడవని పిల్ల.

"నేనున్నానని నీకు తెలుసనుకున్నా," అంది. "అమ్మ నన్ను దాచేసింది కదా. ఎవరికీ తెలియకుండా ఇక్కడ ఉండడం ఎలా ఉంటుందో నీకు తెలీదు. నీకు తెలిసిపోయిందనుకున్నాక, కోపమైతే కోపమేలే, దాక్కోనక్కర్లేదు అనిపించింది. పిప్ మన్నప్పుడల్లా, నాన్న ఇప్పుడు నా గురించే ఆలోచిస్తున్నాడు అనుకునేదాన్ని."

టీ గ్లాసు తన ముందుకి జరిపాను.

కళ్లు తుడుచుకుని అడిగింది. "అస్సలు తెలీదా? ఒక్కసారి కూడా అనుమానం రాలేదా?"

లేదు అని చెప్పొచ్చు. వరుస తుడిచేశాను, ఎవరికీ తెలియదు.

"ఒకరోజు వచ్చింది," అన్నాను. "కదలిక కనిపించింది. కర్టెన్ అని చెప్పుకున్నాను."

"అది నేనే. నీళ్లకి లేచా."

"ఊఁ."

అవతల తలుపు చప్పుడైంది. చిజురు సంచీలతో వచ్చింది. మా ఇద్దరి మొహాలూ చూసి సంచీలు అక్కడే పెట్టేసింది. నేను లేచి కూర్చుని అంతా చెప్పాను, తుడిచేసిన వరుసతో సహా.

జూలై 23

చిజురుకి నిజంగా కోపమొస్తే నన్ను "మీరు" అంటుంది. పెళ్లయ్యాక మూడోసారో నాలుగోసారో విన్నాను.

"మీరు ఏసీ ఆపినందుకు కాదు," అంది. "తెలీక చేశారు. మెకానిక్ వచ్చి వెళ్లాక నేను మిమ్మల్ని ఏమడిగానో గుర్తుందా? మీ ఎదురుగా నిలబడి నా కూతురు చచ్చిపోదామనుకుందా అని అడిగాను. మీకు జవాబు తెలుసు. తెలిసి నాతో పాటు పక్కమీద పడుకున్నారు."

"తప్పే."

"తప్పే అనకండి. మీరు తప్పే అనగానే అది అయిపోయినట్టుంటుంది."

కాబట్టి ఆ మాట మళ్లీ అనలేదు. పొద్దున డాక్టరమ్మకి ఫోన్ చేసి నేనే చెప్పాను, ఏసీ ఆపింది నేనని, వకానా "నేనే" అన్నది నా కోసమని. ఇగరాషి గారికి కూడా ఫోన్ చేశాను. వాళ్ల అబ్బాయి గురించి నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నానన్నాను. ఏ మాట అని ఆయన అడిగారు. నవ్వేసి మర్చిపోయారట. ఆయనకి మళ్లీ ఆ మాట చెప్పాల్సొచ్చింది.

ఆగస్టు 2

రేపు కుషిరో. తిరిగి పంపమని కంపెనీని అడిగాను, వసంతానికి చూద్దామన్నారు. స్కూలు సంగతి ఎవరం ఎత్తలేదు. వకానా నిన్న వీధి చివరిదాకా నాతో నడిచింది, ఐస్ కొనుక్కుని వచ్చాం.

యాప్ తీసేస్తుంటే చూసింది.

"ఎందుకు తీస్తున్నావు?"

"నా చేతిలో ఇది ఉండకూడదు."

"ఉంచు," అంది. "కానీ ఆపకూడదు. వెయ్యడమే. అప్పుడప్పుడు వెయ్యి. నాకు వినపడుతుంది."

చిజురు పక్కనే బట్టలు మడతపెడుతోంది. తలెత్తలేదు. వద్దనీ అనలేదు.

ఆగస్టు 11

నొక్కాను. జవాబు లేదు.

ఆగస్టు 12

నొక్కలేదు. నాకేం హక్కుంది.

ఆగస్టు 13

"నిన్న మర్చిపోయావు," అని మెసేజ్. నొక్కాను.

సెప్టెంబర్ 9

చిజురు ఇవాళ ఫోన్లో మళ్లీ "నువ్వు" అంది. తెలిసి అందో, నోరు జారిందో. అడగలేదు. కొన్ని అడగకపోవడమే మంచిది అని రాయబోయి ఆగాను. ఆ మాట ఇక నేను రాయకూడదు. రేపు అడుగుతాను.

సెప్టెంబర్ 28

ఇక్కడ రాత్రిళ్లు స్టవ్ మొదలైంది. ఇగరాషి గారు కొత్త చేపలు వచ్చాయని సాయంత్రం కాల్చుకుందాం రమ్మన్నారు. వాళ్ల అబ్బాయి ఈమధ్య భోజనానికి కిందికి దిగుతున్నాడట, మాట్లాడడట గానీ.

గోదాము అంకె చూశాను. ఇంటి అంకె చూశాను. గదిలో వెలుతురు ఉంది, షట్టరు తీసి ఉంది. కదలిక ఉంది. నొక్కాను.

కాసేపటికి వకానా మెసేజ్: "విన్నా. కానీ నాన్నా, ఇక్కడ కూడా చల్లబడింది. వణికిపోతున్నా. ఆపు."

వేలు తెర మీద పెట్టి చాలాసేపు నొక్కలేకపోయాను. నిజంగా ఆపమంటోందా, నా కోసం అంటోందా అనిపించింది. ఇంకో మెసేజ్ వచ్చింది: "నాన్నా, చలి."

ఆపాను. ఫోన్లో ఆగినట్టు చూపించింది. అది ఎప్పుడూ అలాగే చూపిస్తుంది.

"ఆగిందా?" అని రాశాను.

"ఆగింది," అని వచ్చింది.